తలుపు వేయని ఖుద్రతుల్లా సాబ్

ఖుద్రతుల్లా సాబ్‌కు తలుపు తీయడం వచ్చుగానీ వేయడం రాదు. ఎవరింటికి వెళ్లినా, తాను గడప దాటాక తలుపు రెక్కను ఒక చేత్తో పట్టుకుని, పక్కకు ఒదిగి, తల కొంచెం వంచి నిలబడిపోతాడు. తన వెనక ఇంకా చాలామంది వస్తున్నట్టు. వెనక ఒక్కరూ ఉండరు. "ఆయియే, ఆయియే" అని గొణిగి, ఆ లేనివాళ్లందరూ లోపలికి వచ్చేశారని నమ్మకం కుదిరాకే చెప్పులు విడుస్తాడు. తలుపు అలాగే ఉండిపోతుంది. ఆ సందులో దోమలొస్తాయి, పక్కింటి పిల్లి వస్తుంది, ఆ ఇంటివాళ్లకు వెన్నులో చలి కూడా వస్తుంది.

ఆయన నారాయణగూడలో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన క్లాసులో తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి పిల్లలకు ఆయనంటే ప్రాణం, వచ్చినంత సులువుగా వెళ్లిపోయేవారు. చిక్కడపల్లిలో ఒక సందు చివర ఒక్కడే ఉంటాడు. ఊళ్లో ముసల్మానుల ఆచారాలన్నీ ఆయన నాలుక మీదే ఉంటాయి. పెళ్లికూతురికి పసుపు పెట్టేటప్పుడు ఏ పాట పాడతారు, ఏ పల్లెలో పీరును హిందువులు ఎత్తుకుంటారు, చావింట్లో మూడోరోజు ఏం చదువుతారు, ఎందుకు చదువుతారు. మనం అడగనక్కర్లేదు. అడగకపోతే ఇంకొంచెం వివరంగా చెబుతాడు.

ఒకసారి ఎవరినో చూడ్డానికి ఓ ఆసుపత్రికి వెళ్లి లిఫ్టు ఎక్కాడు. ఎక్కి, చెయ్యి అడ్డం పెట్టి తలుపు ఆపాడు. లిఫ్టు కీచుకీచుమని మొత్తుకుంటోంది. దుప్పట్ల బండితో ఒక వార్డుబాయ్ వచ్చాడు.

"జర జరగండి సార్, లోపలికొస్త."

"జగా లేదు బేటా. మళ్లొచ్చే దాంట్ల రా."

వార్డుబాయ్ లోపలికి తొంగి చూశాడు. సాబ్ ఒక మూలకు నక్కి, పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడి ఉన్నాడు. మిగతా లిఫ్టంతా ఖాళీ. ఆ వార్డుబాయ్ ఇంకెప్పుడూ ఆ లిఫ్టు మొహం చూడలేదట.

లైబ్రరీలోనూ అంతే. చిక్కడపల్లి లైబ్రరీ నిండా ఉద్యోగాల పరీక్షలకు చదివే కుర్రాళ్లుంటారు. సాబ్ పేపరు చదవడానికి వచ్చి తలుపు పట్టుకోగానే ఒకడు ఆటపట్టించాడు. "సార్, మీ బ్యాచంతా వచ్చిందా? ఫ్యాను వెయ్యాల్నా?"

"వెయ్ బేటా. పాపం, కొందరికి చెమటలు పడుతున్నయి" అన్నాడు సాబ్, చాలా మామూలుగా.

ఆ కుర్రాడు ఫ్యాను వేశాడు. వేసి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయి, గోడకు వీపు ఆనించి కూర్చుని చదువుకున్నాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కాని ఆయన ఎక్కువగా తిరిగేది జబ్బుపడిన వాళ్ల ఇళ్లకు. ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే చాలు, సాయంత్రం అసర్ నమాజు కాగానే బయలుదేరతాడు. తమలో దాన్ని ఇయాదత్ అంటారని, దానికి పద్ధతులున్నాయని చెబుతాడు. ఎక్కువసేపు కూర్చోకూడదు, ఆ ఇంట్లో టీ తాగకూడదు, రోగం గురించి తనకు తెలిసిన భయంకరమైన కథలు చెప్పకూడదు. రోగిని చూడబోయేవాడి వెంట ఫరిష్తాలు, అంటే దేవదూతలు, వేలమంది నడుస్తారని పెద్దలు చెప్పారట. తలుపు పట్టుకోవడం వాళ్ల కోసమే.

వేలమంది దేవదూతలు అశోక్ నగర్‌లోని రెండు పడగ్గదుల ఫ్లాటులో ఎలా పడతారన్నది ఒక సందేహమైతే, వాళ్లు వచ్చి ఏం చేస్తారన్నది అంతకన్నా పెద్ద సందేహం. ఎందుకంటే సాబ్ వెళ్లొచ్చిన ఇళ్లలో రోగులు ఎక్కువ రోజులు ఉండేవారు కాదు. మూలమీది ఇంట్లో రిటైర్డ్ తహసీల్దారు అలాగే పోయాడు. గుడి వెనక ఉండే సంగీతం టీచరూ అలాగే పోయింది. దాంతో సాబ్ సందులోకి వస్తున్నాడంటే గేట్లు పడిపోయేవి, జలుబు చేసినవాళ్లు కూడా తుమ్ము ఆపుకునేవాళ్లు.

కిషన్ రావుకు గుండె ఆపరేషనైంది. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి, అశోక్ నగర్‌లో లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటాడు. ఆసుపత్రి నుంచి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. బాగైపోయింది, ఇక నడవాలి, రోజూ నడవాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడు. కిషన్ రావు మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, సాయంత్రమయ్యేసరికి ఒకే ప్రశ్న వేసేవాడు.

"ప్రభా, ఎవరన్నా వచ్చిన్రా?"

"పాలాయన వచ్చిండు" అనేది భార్య ప్రభావతి.

"పాలాయన గాదు."

"మరి ఎవరు రావాలె?"

"ఎవరు లేరు తియ్."

ఆ ఎవరూ లేని మనిషి పేరు సూర్యప్రకాశరావు. ప్రభావతికి తెలియక అడగలేదు, ఆయన నోటితో చెప్పిద్దామని అడిగింది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. సూర్యప్రకాశరావు కూతురు చంద్రిక పెళ్లిలో, అల్లుడి బట్టతల చూసి కిషన్ రావు "పెండ్లికొడుకు వచ్చిండు గని వెంట్రుకలు ఇంక తొవ్వలనే ఉన్నట్టున్నయి" అన్నాడు. అనడం ఎక్కడ అన్నాడు? వీడియో తీసేవాడి మైకు పక్కన నిలబడి అన్నాడు. ఆ ఇంట్లో పెళ్లి వీడియో పెట్టుకున్నప్పుడల్లా, సరిగ్గా తలంబ్రాలప్పుడు, ఆ మాట ఖంగుమని వినబడుతుంది. అప్పటి నుంచి మాటల్లేవు. లైబ్రరీలో ఇద్దరూ వీపులు ఆనించుకున్నంత దగ్గరగా కూర్చుని, అటూ ఇటూ తిరిగి పేపరు చదువుతారు.

మంచాన పడ్డాక కిషన్ రావు మనసులో రెండు విషయాలు స్థిరపడ్డాయి. ఒకటి, తను పోతున్నాడు. రెండు, పోయేలోపు ఆ సూర్యం గాడు రాడు. మొదటిది ఆయనను భయపెట్టింది, రెండోది నిజంగానే చంపుతోంది. తిండి తగ్గించాడు, నడక అసలు మొదలుపెట్టలేదు. ప్రభావతి కంచం తీసుకెళ్లడం, సగం తినని కంచం తిరిగి తీసుకురావడం, వంటింట్లో నిలబడి కళ్లు తుడుచుకోవడం అలవాటైపోయింది.

అలా ఉండగా, ముసురు పట్టిన ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే, ఖుద్రతుల్లా సాబ్.

"సలాం బెహన్. కిషన్ రావు సాబ్‌ను చూసిపోదామని వచ్చిన."

ప్రభావతికి వద్దనడానికి నోరు రాలేదు, రమ్మనడానికి అసలే రాలేదు. సాబ్ లోపలికొచ్చి, తలుపు పట్టుకుని, పక్కకు ఒదిగాడు. బయట మెట్ల మీద చీకటి. గాలికి పరదా లోపలికి ఉబ్బింది, మళ్లీ ఉబ్బింది. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నట్టే ఉందని ఆమెకు అనిపించింది.

అప్పుడు కింద ఎక్కడో అడుగుల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా ఒక్కో మెట్టు ఎక్కుతూ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ. మొదటి అంతస్తు దాకా వచ్చి ఆగిపోయింది. ప్రభావతి బయటికెళ్లి కటకటాల మీంచి కిందికి చూసింది. ఎవరూ లేరు. మొదటి అంతస్తు మలుపు దాకా తడి అడుగుల గుర్తులున్నాయి. ఆ పైన లేవు.

లోపల సాబ్ మంచం పక్కన కూర్చున్నాడు. కిషన్ రావు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. సాబ్ గొంతు తగ్గించి అడిగాడు.

"కిషన్ రావు సాబ్, ఒక మెహెర్బానీ చెయ్యాలె. నా కోసం దుఆ చెయ్యండి. దేవుణ్ణి అడగండి."

"నేనా? మీకా? మంచంల ఉన్నది నేను గద!"

"అందుకే అడుగుతున్న. బీమారున్నోళ్ల దుఆకు అడ్డముండది. సీదా పైకి పోతది."

"పైకా?"

"బిల్కుల్ పైకి."

సాబ్ చేతులెత్తి తను చేయాల్సిన ప్రార్థన తను చేసి, టీ వద్దని, లేచి వెళ్లిపోయాడు. కిషన్ రావు మాత్రం ఇంటి పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"విన్నవా ప్రభా? సీదా పైకట."

"దుఆ పోతది అన్నడు. మీరు పోతరు అనలే."

"ముందు దుఆ పంపుత, వెనక నేను పోత. గంతే తేడా."

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే కింది వాటాలో ఉండే సుబ్బులు పైకి వచ్చింది. ఆమెకు తెలియని చావు ఆ పేటలో జరగలేదు. "అక్కా, ఆయనను రానియ్యకు. తహసీల్దారింటికి గట్లనే వచ్చిండు, తలుపు గట్లనే వట్టుకున్నడు. నిన్న పొద్దుమీకి నేను గూడ విన్న, మెట్లమీద ఎవరో ఎక్కిన్రు. తలుపు తీసి చూస్తే మనిషి లేడు" అంది. అని, ధైర్యంగా ఉండమని చెప్పి, తనకు భయమేస్తోందని ప్రభావతినే కింద దాకా తోడు రమ్మంది.

ప్రభావతి తలుపుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. సాయంత్రం సాబ్ వచ్చాడు. గుమ్మంలో ఆగి దాన్ని సంతోషంగా చూశాడు.

"వాహ్! మా నానీ, అంటే అమ్మమ్మ, గూడ కట్టేది. మౌల్వీ సాబ్ వద్దన్నడని తలుపుకు లోపలి దిక్కు కట్టేది" అని, నిమ్మకాయ గురించీ, రోగి చుట్టూ కోడిగుడ్డు తిప్పి పేదవాళ్లకిచ్చే ఆచారం గురించీ గుమ్మంలోనే ఒక చిన్న పాఠం చెప్పాడు. చెప్పినంతసేపూ తలుపు తెరిచే ఉంది. అడుగులు మళ్లీ వినిపించాయి. ఈసారి రెండో అంతస్తు దాకా వచ్చాయి. ప్రభావతి పరుగెత్తి చూసేసరికి తడి గుర్తులే మిగిలాయి.

గదిలో సాబ్ మళ్లీ దుఆ అడిగాడు. కిషన్ రావు గోడవైపు తిరిగిపోయాడు.

ఇక ప్రభావతి ఊరుకోలేదు. సాబ్ వెళ్తుంటే మెట్ల దగ్గర ఆపింది. "సాబ్, మీరు పెద్దోళ్లు. ఏమనుకోకుండ్రి. మీరు మా ఇంటికి రావద్దు. మీరు పోయిన ఇండ్లల్ల ఏమైతుందో పేటంత తెలుసు."

సాబ్ నొచ్చుకుంటాడనుకుంది. ఆయన గడ్డం నిమురుకున్నాడు. "నాక్గూడ తెలుసు బెహన్. నేను పోయినంక మనుషులు పోతున్నరని అనుకుంటున్నరు. అసలు సంగతేందంటే, చుట్టాలు దోస్తులు అందరు వచ్చుడు బంద్ చేసినంకనే నాకు ఖబర్ అందుతది. అప్పటికి ఆ మనిషికి చానా ఆలస్యమైతది."

ఆ మాటకు ఆమె మనసు కొంచెం మెత్తబడింది. ఆయన అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు.

"రేపొక్కరోజు రానియ్యండి బెహన్. దగ్గరికొచ్చిండు. మొదలు గేటు కాడ నిలబడ్డడు. నిన్న ఒక అంతస్తు ఎక్కిండు. ఇయ్యాల రెండు ఎక్కిండు. రేపు మీ గుమ్మంల ఉంటడు."

"ఎవరు?" అంది ప్రభావతి.

"పేరు చెప్పనని మాటిచ్చిన" అని సాబ్ మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి చీకట్లో కలిసిపోయాడు.

పేరు చెప్పకపోయినా ప్రభావతికి తెలుసు. ఆ పేరు పలక్కూడదనే ఎవరూ పలకరు. దున్నపోతు మీద వస్తాడని విందిగానీ అశోక్ నగర్ ట్రాఫిక్‌లో దున్నపోతుకు దారెక్కడిది, అందుకే కాలినడకన, రోజుకో అంతస్తు లెక్కన ఎక్కుతున్నాడు కాబోలు. నవ్వు రాలేదామెకు. దేవుడి దగ్గర దీపం పెట్టి, దాని ముందే కూర్చుని తెల్లవార్చింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచే ఆకాశం నల్లబడింది. వాన మొదలైంది, కరెంటు పోయింది. సాయంత్రానికి గదిలో మనిషి మొహం మనిషికి కనబడలేదు. కొడుకు అభిజిత్ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. తలుపు చప్పుడైంది. ప్రభావతి కదల్లేదు.

"తియ్ ప్రభా" అన్నాడు కిషన్ రావు మంచం మీంచి. "ఎన్నడన్నా తియ్యాల్సిందే గద."

తీసింది. సాబ్ లోపలికి వచ్చి, తలుపు పట్టుకుని, ఒదిగి నిలబడ్డాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. కింద అడుగులు మొదలయ్యాయి. మొదటి అంతస్తు. ఆగి ఊపిరి. రెండో అంతస్తు. ఇంకొంచెం ఎక్కువ ఊపిరి. ఈసారి వెనక్కి వెళ్లలేదు. మూడో అంతస్తు మెట్లు ఎక్కుతుంటే ఏదో లోహం గోడకు తగిలి టంగుమంటోంది. ప్రభావతి తాళిబొట్టు గుప్పిట్లో పట్టుకుంది.

గుమ్మంలో ఒక ఆకారం నిలబడింది. నెత్తి మీంచి పాదాల దాకా నలుపు. మొహం లేదు. కుడిచేతిలో గుండ్రంగా ఏదో వేలాడుతోంది.

కిషన్ రావు మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ జోడించాడు. "వచ్చినవా?" అన్నాడు.

"వచ్చిన" అంది ఆకారం, ఆయాసపడుతూ.

"తీస్కపోతవా?"

"యాడికిరా?"

ఆ "రా" వినగానే కిషన్ రావు జోడించిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. ఆకారం నెత్తి మీది రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోసుకుంది. లోపల సూర్యప్రకాశరావు ఉన్నాడు. చేతిలో ఉన్నది టిఫిన్ క్యారియరు.

"ముందుగల మంచినీళ్లియ్యమ్మా ప్రభావతీ. లిఫ్టు లేదు, లైటు లేదు, గింత ఎత్తుల ఏం కాపురాలే మీయి! మొన్న ఒక అంతస్తెక్కి ఆయాసమొచ్చి మర్లిన."

"ఆయాసం గాదు, సిగ్గొచ్చి మర్లినవ్" అన్నాడు కిషన్ రావు. "గిన్ని రోజులకు గుర్తొచ్చిన్నా నేను?"

"దవాఖాన్ల ఉన్నప్పుడే వచ్చిన. అద్దంలకెల్లి చూసి పోయిన. నిన్ను గట్ల గొట్టాలు వెట్టి పండవెడితే... మాట్లాడకుండ ఉంటివి జూడు, నువ్వు! నాకే బుగులైంది." సూర్యప్రకాశరావు మంచం మీద కూలబడి, తడి రెయిన్‌కోటుతోనే స్నేహితుణ్ణి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఇద్దరూ, దుప్పటి తడిసిందని ఒకరినొకరు తిట్టుకున్నారు.

ప్రభావతి చెంగుతో కళ్లొత్తుకుని సాబ్ వైపు తిరిగింది. ఆయన ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు.

"సాబ్, మీరు తలుపు వట్టుకున్నది ఈయన కోసమా? ఫరిష్తాల కోసమని చెప్తరు గద!"

"వాళ్లొస్తరు. మా పెద్దోళ్లు చెప్పిన్రు, నేను నమ్ముత. కని బెహన్, ఫరిష్తాలకు తలుపేం పని? గోడలకెల్లి గూడ వస్తరు. తలుపు మనుషులకు గావాలె. చానా ఇండ్లల్ల చూసిన. లోపల ఒకరు మంచంల ఎదురుచూస్తుంటరు. బయట గేటు కాడ ఒకరు వద్దామా పోదామా అని తిరుగుతుంటరు. మూసిన తలుపు కొట్టాలంటే వాళ్లకు చెయ్యి రాదు. తెరిచి ఉంటే, నా వెనకాల దూరిపోతరు. కొందరు ఒక్కరోజులనే వస్తరు. ఈయన జర బరువు మనిషి, మూడు రోజులైంది."

ప్రభావతి, నిన్న రావద్దన్న నోటితో ఇవాళ కూర్చోమంటే బాగుండదేమో అనుకుంది. అయినా కుర్చీ వేసింది.

టిఫిన్ క్యారియరులో చంద్రిక పంపిన ఉప్మా ఉంది. కిషన్ రావు గిన్నె ఖాళీ చేశాడు. చేసి, మూతి తుడుచుకుని, అపరాధిలా సాబ్ వైపు చూశాడు. "సాబ్, మీరు రోజు దుఆ అడుగుతున్నరు. నేను భయంతోని చెయ్యలే. ఇప్పుడు చెప్పుండ్రి, ఏం అడగాలె మీ కోసం?"

సాబ్ కొంచెం సిగ్గుపడ్డాడు. "మోకాళ్లు, కిషన్ రావు సాబ్."

"మోకాళ్లా?"

"మీ మూడంతస్తులు ఎక్కి దిగి మోకాళ్లు పోయినయి. అందుకే మొదటి రోజు సంది మొత్తుకుంటున్న. దుఆ చేస్తే నా మోకాళ్లన్న బాగైతయి, లేకపోతే మీరన్న బాగై నన్ను రాకుంట చేస్తరు."

కిషన్ రావు పక్కలు పట్టుకుని నవ్వాడు. కుట్లు నొప్పి పెడుతున్నా నవ్వాడు. తర్వాత కళ్లు మూసుకుని, చేతులు జోడించి, గట్టిగా అడిగాడు. "యాదగిరి నర్సింహస్వామీ, ఈ సాబ్ మోకాళ్లు మంచిగ చెయ్యి. నా సంగతి తర్వాత చూస్కుందువు గని."

"ఆమీన్" అన్నాడు సాబ్, అంతకన్నా గట్టిగా.

సాబ్ లేచాడు. ఆయన లేస్తే కిషన్ రావు కూడా కాళ్లు కిందికి దించాడు. ప్రభావతి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏం జేస్తున్నరు మీరు?"

"ఇంటికొచ్చిన మనిషిని సాగనంపొద్దా? కింద దాక పోయొస్త."

"పోతరు సరే, మళ్ల ఎక్కాలె గద!"

"డాక్టరు నడువుమన్నడు. దిగుడు గూడ నడకనే" అని ఆయన ఒక చెయ్యి సూర్యప్రకాశరావు భుజం మీద, ఇంకో చెయ్యి సాబ్ భుజం మీద వేశాడు. ఒకరికి గుండె, ఒకరికి మోకాళ్లు, ఒకరికి ఆయాసం. ముగ్గురూ ఒకరినొకరు మోసుకుంటూ, ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో వాళ్లకే తెలియకుండా, మెట్లు దిగడం మొదలుపెట్టారు.

ప్రభావతి కొవ్వొత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మలుపు తిరిగి ముగ్గురూ కనుమరుగయ్యారు. మాటలు వినిపిస్తున్నాయి, మూలుగులు వినిపిస్తున్నాయి, అడుగులు వినిపిస్తున్నాయి. కాసేపు విన్నాక ఆమెకు ఒళ్లు జలదరించింది. ఆ అడుగులు ముగ్గురివి కావు. చాలామందివి. ఆమె పక్కనుంచే, కొవ్వొత్తి మంటను ఒకవైపుకు వంచుతూ, తొందరేం లేనట్టు, ఒకరి వెనక ఒకరు దిగిపోతున్నారు.

ప్రభావతి గోడకు ఒదిగి దారి ఇచ్చింది. "మెల్లగ దిగుండ్రి" అంది చీకట్లోకి. "మెట్లు తడిగున్నయి."